ఈ వారం సమస్య (ఇదే ఆఖరి పాదంగ పద్యం పూరించాలె): "వేటకాని యింట పిట్ట పుట్టె"

అడ్మిన్: నిన్న రాత్రి బంగ్ల మీద చుక్కలు చూస్తుంటే తట్టిన పాదం. ఆకాశం మీద పూరిస్తె ఇంకా సంతోషం.

పరకాల పంతులు:
దక్షిణాన వెలుగు ధవళ పావురమొండు
శశము క్రింద జేరి చల్లనుండె
పక్క లుబ్ధకుండు పట్టుకో లేదు
వేటకాని యింట పిట్ట పుట్టె

ఇది కొలంబా, అంటే పావురం రాశి. శశమంటే పైనున్న కుందేలు రాశి, లుబ్ధకుడంటే పక్కనున్న సిరియస్ చుక్క. ఫాక్ట్ అనే చుక్క ఒక్కటే జెర మంచిగ కనవడ్తది, మిగిలినయి చాన వరకు మసకనే.

మట్టెవాడ అక్క: పంతులు గారూ, కుందేలు కింద పావురాన్ని చూసిన చూపు బాగున్నది. కానీ మూడో పాదం చివర 'లేదు' సూర్యగణమైంది, అక్కడ ఇంద్రగణం పడాలె, 'లేదాయె' అంటే సరిపోయేది. సరే అది చిన్నది, అసలు పిట్ట పుట్టిందెక్కడ? పక్కన కూసుంటే పుట్టినట్టా? పోయినసారి రామప్ప సమస్యల నా పద్యానికి అన్వయం లేదని మీరు అంత పొడుగు రాసిన్రు, యాదికున్నది.

పరకాల పంతులు: ఇప్పటికీ అదే అంట. నీళ్ళ మీద తేలేది శిఖరం ఇటుక, మీరు గుడి మొత్తాన్నే తేలించిన్రు.

మట్టెవాడ అక్క: అయితే ఇది చూడుండ్రి.
మృగశిరమున నున్న మేఘమే తన యిల్లు
తరిమినట్లు దుమికి తార పారె
పావురంపు రాశి పాలాయె నేడది
వేటకాని యింట పిట్ట పుట్టె

మ్యూ కొలంబే అనే చుక్క ఇప్పుడు పావురం రాశిల ఉన్నది, అయిదో మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగితే మసక) దాటింది, హన్మకొండ లైట్లల్ల కండ్లకు ఆనది. పుట్టింది మాత్రం ఒరాయన్‌ల, అంటే వేటగాని రాశిల, అక్కడి మబ్బు (నెబ్యులా) కాడ. సుమారు 25 లక్షల ఏండ్ల కింద అక్కడ రెండు చుక్కల జంటలు మరీ దగ్గరికొచ్చి ఒకదాన్నొకటి కుదిపేస్తే ఇది ఒక దిక్కు, ఏఈ ఆరిగే అనే ఇంకో చుక్క దీనికి ఎదురు దిక్కు, సెకనుకు 100 కిలోమీటర్ల వేగంతోటి ఎగిరిపోయినయంటరు. ఈ రెండింటి పుట్టిల్లు ఒక్కటేనని 1954ల బ్లావ్, మోర్గన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు చెప్పిన్రు.

కాజీపేట రైలన్న: అక్కా, శభాష్! 'తరిమినట్లు దుమికి' కాడ ఆగి మల్ల మల్ల చదివిన.

పరకాల పంతులు: పిట్ట పుట్టింది, మెచ్చుకుంటున్న. కానీ 'మృగశిరమున' నిలవది. మృగశిర అంటే ఒరాయన్ తలకాడి మూడు చిన్న చుక్కలు, మబ్బున్నది నడుం పట్టీ కింద, కత్తి కాడ. పైగా మన లెక్కల అది లేడి తల, వేటగాడు లుబ్ధకుడు. లేడి ఇంట్ల పిట్ట పుట్టిందంటరా? మొదటి పాదం గిట్ల పెట్టుండ్రి:
కత్తి మెరయు చోట కాంతిమబ్బే యిల్లు

మట్టెవాడ అక్క: సంస్కృతం 'కాంతి'కి తెలుగు 'మబ్బు'ను అతికిస్తె వైరి సమాసం (కలపరాని జోడు) అనరా? గదే నేను రాస్తె మీరు ఊకుందురా?

కాజీపేట రైలన్న: అది మిశ్రమ సమాసమే (ఒప్పుకునే జోడే) అక్కా, నడుస్తది. కత్తి రాంగనే వేటగాడు కండ్లముందు నిలవడ్డడు, ఆ పాదం పోగొట్టకుండ్రి.

అడ్మిన్: పంతులు గారి పాదంతోటే అక్క పద్యాన్ని పైన పిన్ చేస్తున్న, ఇద్దరి పేర్లుంటయి. జనవరి ఆఖర్ల రాత్రి తొమ్మిదింటికి మన వరంగల్ల ఫాక్ట్ దక్షిణాన 38 డిగ్రీల ఎత్తుల ఉంటది, అప్పుడు చూడుండ్రి. సమాసం మీద ఇంకా మాట్లాడేటోళ్ళు కిందనే రాయుండ్రి.