తైలాద్రక్షేత్, జలాద్రక్షేత్: సరైన పాఠం ఏది?

ప్రశ్న:
తాత దగ్గర్నుంచి మనవల దాకా ఇంట్లో అందరి చేతులూ మారే పుస్తకాల లోపలి అట్ట మీద ఈ శ్లోకం రాయాలని ఉంది. ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తోంది. ఏది సరైనది? పైగా తాటాకులకు నూనె రాసేవారు కదా, మరి నూనె నుంచి కాపాడమనడం ఏమిటి?

తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకం

జవాబు:
రాతప్రతి పూర్తిచేశాక లేఖకులు చివర రాసుకునే శ్లోకమండీ ఇది. ‘నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి కాపాడాలి, మూర్ఖుడి చేతికి ఇవ్వకూడదు’ అని పుస్తకమే చెబుతోందని భావం. మీరిచ్చినది పదాలు విడగొట్టిన పాఠం. సంధి కలిపితే ఇలా ఉంటుంది:

తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్

ఛందస్సు అనుష్టుప్పు, పాదానికి 8 అక్షరాలు. నాలుగు పాదాల్లోనూ ఐదోది లఘువు, ఆరోది గురువు కావాలి; వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి, సరిగ్గా కుదురుతుంది. పిల్లలు చదవాలి కాబట్టి విడగొట్టి రాసినా తప్పులేదు.

రెండో పాఠంలో ‘పరహస్తే (ఇతరుల చేతికి) న దాతవ్యా ఏవం వదతి పుస్తికా’ అని ఉంటుంది. పుస్తకం నపుంసకలింగం కాబట్టి ‘దాతవ్యం’, పుస్తిక స్త్రీలింగం కాబట్టి ‘దాతవ్యా’. ఈ రెండూ కలగలిపి ‘దాతవ్యం... పుస్తికా’ అని రాస్తేనే తప్పు. ఇంకొకటి: ‘దాతవ్యా ఏవం’ అన్నచోట వృద్ధిసంధి చేసి ‘దాతవ్యైవం’ అంటే ఒక అక్షరం తగ్గి నడక కుంటుపడుతుంది. అందుకే విడిగా ఉంచారు.

తైలాత్, జలాత్, బంధనాత్ మూడూ పంచమీ విభక్తి. దేని వల్ల భయమో దానికి పంచమి వస్తుందని పాణిని సూత్రం: ‘భీత్రార్థానాం భయహేతుః’. తెలుగులో ‘నూనె నుంచి’ అంటాం. కొందరు శిథిలబంధనం అంటే పాతబడ్డ పుస్తకం అని అర్థం చెబుతున్నారు, కాదు. వదులైన కట్టు అని అర్థం.

మరొకరు:
నూనె సంగతి నేను చెబుతాను. గంటంతో తాటాకు మీద గీసిన అక్షరం కంటికి ఆనదు. నూనెలో కలిపిన మసి రుద్ది తుడిచేస్తే గీతల్లో మాత్రం నలుపు నిలుస్తుంది. ఆకు పెళుసెక్కకుండా కూడా నూనె పనిచేస్తుంది. అంటే తాటాకుకు నూనె ప్రాణం. కాగితం మీద సిరా రాత అలా కాదు. దీపపు మసిలో జిగురు కలిపిన పాతకాలపు సిరా నీళ్లు తగిలితే కరిగిపోతుంది. నూనె పడితే కాగితం పీచుల మధ్య గాలి ఉన్న చోట నూనె చేరి అవతలి పేజీ అక్షరాలు కనిపిస్తాయి, తర్వాత ఆ మరక పసుపుపచ్చగా ముదురుతుంది. తైలాన్నీ జలాన్నీ పక్కపక్కన పెట్టారంటే ఈ శ్లోకం సిరాతో రాసిన పుస్తకం నోట పలికిందేనని నా అభిప్రాయం.

కట్టు మాత్రం రెండింటికీ ఒకటే. తాటాకు కట్టలో తాడు వదులైతే ఆకులు జారి అంచులు చిట్లుతాయి, మరీ బిగిస్తే చిల్లు దగ్గర ఆకు తెగుతుంది. ఇప్పటి పుస్తకాల్లో జిగురుతో అతికించినవే ఎక్కువ. వీపు మడిచి బోర్లా పడుకోబెడితే జిగురు పగిలి పేజీలు ఊడతాయి. బీరువాలోంచి తీసేటప్పుడు వీపు పైఅంచు పట్టి లాగకండి. అటూఇటూ ఉన్నవాటిని కాస్త లోపలికి తోసి నడుమ పట్టుకోవాలి. ఊడిన పేజీకి సెల్లోటేపు వద్దు, కొన్నేళ్లకు దాని జిగురు పసుపెక్కి పక్కపేజీకి అంటుకుంటుంది. తెల్ల జిగురు సన్నని గీతలా, లోపలి అంచున రెండు మిల్లీమీటర్లు రాసి, పేజీ పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచండి.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. పుస్తకం తడిస్తే? ‘మూర్ఖహస్తే’ అన్నమాట పిల్లల పుస్తకం మీద రాస్తే బాగుంటుందా?

జవాబు:
తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకండి, అట్ట వంకర తిరుగుతుంది. వట్టి తెల్లకాగితాలు ఇరవై పేజీలకొకటి చొప్పున పెట్టి, ఫ్యాను గాలికి నీడన ఉంచి, కాగితాలు తడవగానే మార్చండి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. నున్నటి బొమ్మల కాగితమైతే తడి ఉండగానే పేజీల మధ్య కాగితం పెట్టాలి. అంటుకుని ఆరిందంటే ఇక విడదు. చేతికంటిన ఊరగాయ నూనె పేజీకి తగిలితే రుద్దకుండా అద్ది, సుద్దపొడి చల్లి ఓ రాత్రి ఉంచి, మెత్తని బ్రష్షుతో దులపండి. మరక పూర్తిగా పోదు, పాకడం ఆగుతుంది.

ఇక మూర్ఖుడు. తెలుగులో ఈ మాటకు మొండివాడు అన్న ఛాయ బాగా పట్టింది. ‘తివిరి యిసుమున తైలంబు తీయవచ్చు’ అన్న ఏనుగు లక్ష్మణకవి పద్యం చివర ‘చేరి మూర్ఖుని మనసు రంజింపరాదు’ అంటే మనకు మొండివాడే గుర్తొస్తాడు. ఆ పద్యానికి మూలమైన భర్తృహరి సంస్కృత శ్లోకంలో ఆ మొండితనానికి ‘ప్రతినివిష్ట’ అని వేరే విశేషణం ఉంది. సంస్కృతంలో మూర్ఖుడంటే తెలివిలేనివాడు, తెలియనివాడు. ఈ శ్లోకంలో పుస్తకాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనివాడని తీసుకోవాలి. ‘పరహస్తే’ పాఠం రాస్తే ఎవరికీ ఇవ్వొద్దని అవుతుంది, చేతులు మారే ఇంటికి అది నప్పదు. ‘మూర్ఖహస్తే’ పాఠమే ఉంచి, పట్టుకోవడం నేర్పాక పిల్లల చేతికివ్వండి.

ఇంకొకరు:
ఒక్కమాట. బాల్‌పెన్నుతో రాయకండి, అందులో ఉన్నది నూనె సిరా. ఏళ్లకు అవతలివైపు ఊరుతుంది. ఫౌంటెన్‌పెన్ను సిరా చాలావరకు నీటికి చెదిరిపోతుంది. మెత్తటి పెన్సిలైతే తైలానికీ జలానికీ భయంలేదు, గట్టిగా నొక్కకుండా రాస్తే చాలు.