వెండి టంకం గుండు కట్టి దొర్లుతాంది, అతుకులోకి దిగట్లేదు

పట్టీలపని_ప్రొద్దుటూరు:
925 వెండి (వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతాది రాగి) పట్టీలకు మువ్వల కొండీలు అతికించేటప్పుడు టంకం పారకుండా గుండు కట్టి పక్కకు దొర్లుతాంది. మంట ఇంకొంచెం పెంచితే కొండీ తీగే కరుగుతాంది కానీ టంకం కదలదు. వాడేది సులువు టంకం (తక్కువ వేడికే పారే రకం) రేకు, ఉత్త వెలిగారం (బోరాక్స్), గ్యాస్ టార్చి. ఇంకోటి, పక్క మువ్వ అతికిస్తుంటే ముందు అతికించింది ఊడొస్తాంది. తప్పు యాడుందో తెలిసినోళ్ళు చెప్పండి.

కుంపటి_కడప:
రెండు తప్పులు కలిసినాయి. సులువు టంకంలో వెండి 65, రాగి 20, జింకు 15 పాళ్ళు ఉంటాయి. అది 670 డిగ్రీల దగ్గర మెత్తబడి 720లోపే పారుతుంది. ఉత్త వెలిగారమేమో 743 దగ్గరగానీ నీళ్ళలా కరగదు. టంకం పారాల్సిన సమయానికి వెలిగారం ఇంకా బంకలాగే ఉండి, లోహం మీది మకిలిని పూర్తిగా తీయదు. మకిలి మీద టంకం పరుచుకోదు, గుండు కట్టుకుంటుంది. వెలిగారం 3 పాళ్ళకు బోరిక్ పొడి 1 పాలు కలిపి, నీళ్ళతో పాలమీగడంత చిక్కగా నూరి కుంచెతో పెట్టండి. తక్కువ వేడికే కరుగుతుంది.

రెండోది మంట పెట్టే తీరు. టంకం వేడి ఎక్కడ ఎక్కువుంటే అక్కడికే పోతుంది. వెండి అంత బాగా వేడిని లాక్కునే లోహం ఇంకోటి లేదు. మీరు సన్నని కొండీ మీద మంట పెడితే తీగ క్షణంలో ఎర్రబడుతుంది, పట్టీ మాత్రం చల్లగానే ఉంటుంది. టంకం తీగకే అంటుకుంటుంది, లేదా తీగే కరిగిపోతుంది. ముందు పట్టీ చుట్టూ తిప్పుతూ కాచండి. వెలిగారం మొదట తెల్లగా పొంగుతుంది, తర్వాత అణుగుతుంది, చివరికి గాజులా మెరుస్తుంది. ఆ మెరుపు వచ్చినాకే మంటను అతుకు దగ్గరికి తెచ్చి, టంకం మెరుస్తూ గీతలా పారగానే తీసేయాలి.

ఆదోని_వెండిపని:
పైన చెప్పింది నిజమే. దానికి తోడు అతుకు సందు చూసుకోండి. వెలుతురుకు పెట్టి చూస్తే సందులోంచి కాంతి కనపడకూడదు. టంకం సన్నని సందులోకి తనే ఎక్కుతుంది, పెద్ద సందును పూడ్చదు. ముక్కలు మిల్లీమీటరు చదరానికి మించొద్దు, ఒక కొండీకి ఒక ముక్క చాలు. రేకుకు చేతిజిడ్డు ఉంటే ఎంత మంట పెట్టినా పారదు. కత్తిరించే ముందు గరుకు కాగితంతో రెండు వైపులా రుద్దండి.

మన ఎండాకాలంలో ఇంకో చిక్కుంది. వాకిట్లో ఎండ వెలుతురులో కూచుంటే వెండి మసకగా ఎర్రబడటం కంటికి కనపడదు. కనపడే లోపల చేయి దాటిపోతుంది. 925 వెండి 800 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది, సులువు టంకం పారే వేడికి మించి ఉండేది 80 డిగ్రీలే. నీడలో, ఫ్యాన్ ఆపేసి పని చేయండి.

కుంపటి_కడప:
ముందుది ఊడటం గురించి. మొదటి అతుకులకు గట్టి టంకం (75 వెండి, 22 రాగి, 3 జింకు, దాదాపు 790 దగ్గర పారుతుంది) వాడి, చివరివాటికి సులువుది వాడండి. గట్టిదానికి మంట మీద చేయి బాగా కుదిరుండాలి, ఎందుకంటే తీగ కరిగే వేడి అక్కడి నుంచి ఎంతో దూరం లేదు. కుదరకపోతే మధ్యరకం, 70 వెండి, 20 రాగి, 10 జింకు. అన్నీ ఒకే టంకం అయితే మువ్వలన్నీ బొగ్గు మీద సర్ది ఒకే కాపులో అతికించడం మేలు. తప్పనప్పుడు ముందు అతుకుకు సుద్దపొడి నీళ్ళలో కలిపి పూయండి, టంకం పారదు. ఆ పూత కొత్త అతుకును తాకితే మాత్రం అది కూడా పట్టదు.

తాడిపత్రి_మెట్టెలు:
టంకం సొంతంగా చేసుకునేవాళ్ళకు: 10 గ్రాముల మేలిమి వెండికి 5 గ్రాముల ఇత్తడి (63 రాగి, 37 జింకు ఉండే రేకు లేదా తీగ) కలిపితే సుమారు 67 వెండి, 21 రాగి, 12 జింకు వస్తుంది, సులువు రకానికి దగ్గర. ముందు వెండి, వెలిగారం కరిగించి ఇత్తడి చివర్లో వేయాలి. ముందే వేస్తే జింకు పొగై పోతుంది. కుళాయిల ఇత్తడి వద్దు, లేతు పనికి వాడే ఇత్తడిలో సీసం ఉంటుంది. కాడ్మియం కలిపిన టంకం చవగ్గా దొరికినా ముట్టొద్దు. కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి పొగవుతుంది, ఆ పొగ ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ తింటుంది.

పట్టీలపని_ప్రొద్దుటూరు:
బోరిక్ కలిపినాక టంకం గీతలా పారుతాంది, చాలా ధన్యవాదాలు. ఇప్పుడు రెండు సంగతులు. అతుకు మీద సూదిపోటు బొక్కలు వస్తాన్నాయి. పులుపులో (మకిలి తీసే ఆమ్లపు నీళ్ళలో) వేసినాక వెండి గులాబీ రంగు తిరుగుతాంది.

ఆదోని_వెండిపని:
బొక్కలు మంట ఎక్కువసేపు ఉంచడం వల్ల. జింకు పొగై పోతూ వదిలిన ఖాళీలవి. పారగానే తీసేయండి. మళ్ళీ కాచితే బొక్కలు పెరుగుతాయే గానీ పూడవు, గీకేసి కొత్త టంకం పెట్టాలి.

గులాబీ రంగు రాగిది. పులుపులో ఇనప చిమటా (పట్టకారు) పెట్టినా, ఇనప కట్టుతీగ విప్పకుండా వేసినా పులుపులో కరిగిన రాగి వెండి మీద పేరుకుంటుంది. రాగి లేదా కర్ర చిమటా వాడండి. గంధకామ్లం అయితే 10 పాళ్ళ నీళ్ళలో 1 పాలు ఆమ్లం మెల్లగా పోయాలి, ఆమ్లంలో నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు. ఇంట్లో పని చేసేవాళ్ళకు లీటరు వేడినీళ్ళలో 100 గ్రాముల నిమ్మఉప్పు చాలు, కొంచెం ఆలస్యం అంతే. బోరు నీళ్ళతో కడిగితే తెల్ల మరకలు నిలుస్తాయి, చివరి కడుగుడు ఫిల్టరు నీళ్ళతో.

తాడిపత్రి_మెట్టెలు:
పాత పట్టీలు బాగుచేయడానికి వస్తే ముందు అతుకు రంగు చూడండి. మసక బూడిదరంగులో మెత్తగా, గోరుతో గీకితే గీత పడేలా ఉంటే అది సీసం అతుకు. దాన్ని పూర్తిగా గీకి తీయకుండా మంట పెడితే సీసం 304 డిగ్రీల నుంచే వెండిని కరిగించుకుంటూ గుంతలు తింటుంది, ఆ పట్టీ ఇంక నిలవదు. బోలు మువ్వకు గాలి రంధ్రం లేకుండా కాచితే లోపలి గాలి, తేమ వ్యాకోచించి పగిలిపోతుంది, ముఖం మీదికే వస్తుంది. రంధ్రం పూడి ఉందేమో సూదితో పొడిచి చూసినాకే టార్చి వెలిగించండి.