అప్‌డేట్: ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టాక కోరిక తగ్గిపోయిందని అడిగాను కదా

టెన్షన్ తగ్గడానికి ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ వాడుతున్నానని, నిద్ర, మనసు కుదుటపడినా భర్త దగ్గరకు వెళ్లాలనే అనిపించడం లేదని, మానేయొచ్చా అని అడిగాను. డాక్టర్‌కి చెప్పకుండా ఆపొద్దన్న అందరికీ చాలా థాంక్స్.

మొన్న నేనూ మా ఆయనా కలిసే డాక్టర్ దగ్గరకు వెళ్లాం. నేను నోరు తెరవడానికి మొహమాటపడుతుంటే ఆవిడే ప్రిస్క్రిప్షన్ మీద పెన్ను ఆపి, "ఆయనతో దగ్గరగా ఉండటంలో ఏమైనా తేడా వచ్చిందామ్మా?" అని అడిగారు. ప్రాణం లేచొచ్చింది. మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే ఈ రకం మందులతో కోరిక తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం లేదా అసలు రాకపోవడం మామూలేనట, ఆడవాళ్లలో కూడా. థైరాయిడ్ పరీక్ష కూడా రాశారు, రిపోర్ట్ నార్మల్. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కరెంట్ షాక్ కొట్టినట్టు అనిపించడం, పాత ఆందోళన తిరిగి రావడం జరగొచ్చన్నారు.

ప్రస్తుతానికి డోసు 5 ఎంజీకి తగ్గించారు. టెన్షన్ మళ్లీ పెరిగితే మిర్టాజపిన్ అనే ఇంకో మందుకి మారుద్దామన్నారు. దానితో ఈ ఇబ్బంది తక్కువే కానీ నిద్రమత్తు, బరువు పెరగడం ఉంటాయట. బ్యుప్రోపియాన్ అనే మందు గురించి మీలో ఒకరు రాశారు కదా, అదీ అడిగాను. డిప్రెషన్‌కి మంచిదే గానీ నా ఆందోళనకి సరిపడదన్నారు.

కోరిక ఇంకా పూర్తిగా రాలేదు, కొంచెం మెరుగు. మా ఆయన మాత్రం "నా మీద ఇష్టం పోయిందేమో అనుకున్నా" అన్నారు. పాపం, ఇన్నాళ్లూ ఆ మాట లోపలే పెట్టుకున్నారు. వచ్చే నెల మళ్లీ చెకప్ ఉంది.