5×8 అడుగుల బాత్రూమ్‌లో ఏది ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: తలుపు 5 అడుగుల గోడకు ఉంది. కమోడ్, బేసిన్, షవర్ ఏ వరసలో పెట్టాలి? స్నానం చేశాక గదంతా తడవకూడదు.

జవాబు 1: తలుపు పక్కన బేసిన్, మధ్యలో కమోడ్, చివర షవర్. మూడూ ఒకే పొడుగు గోడకు పెడితే పైపులు తగ్గుతాయి. కమోడ్ నడిమధ్య నుంచి అటూ ఇటూ 15 అంగుళాలు, ముందు కనీసం 24 వదలండి. కమోడ్ మోడల్ ఖాయం చేశాకే పైపు వేయించండి. కమోడ్ నీళ్లు బయటికి పోయే అవుట్‌లెట్ దూరాన్ని టైల్ అంటించాక ఉండే గోడ నుంచి కొలవాలి, ఇటుక గోడ నుంచి కాదు. మేస్త్రీలు తడబడేది ఇక్కడే.

జవాబు 2: షవర్ నేలకు అడుగుకు పావు అంగుళం వాలు. 3 అడుగులకు ముప్పావు అంగుళం. జాలీ (నీళ్లు పోయే రంధ్రం మూత) నేల నడిమధ్య ఉంటే, 2×2 అడుగుల టైల్స్ దానికి నాలుగు వైపుల నుంచీ వాలవు, కోయాల్సిందే. చివరి గోడ పొడవునా సన్నటి జాలీ పెడితే ఒకవైపు వాలు చాలు.

జవాబు 3: వాటర్‌ప్రూఫింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదే! టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ నీళ్లను ఆపదు. టైల్స్ కంటే ముందే కోటింగ్ వేసి, మూలల్లో, పైపుల చుట్టూ మెష్ పట్టీ అంటించాలి. ఆరాక ట్రాప్ (నేల మీద నీళ్లు పోయే రంధ్రం) మూసి, నీళ్లు నింపి 24 గంటలు ఉంచండి. కింద చెమ్మ కనిపిస్తే టైల్ పని ఆపండి.