గూటి పిల్ల ఆరోగ్యం తెలియాలంటే రక్తం తీయాల్సిందేనా?

కొల్లేటి గట్టు:
పోలండ్‌లోని వూచ్ నగరంలో బ్లూ టిట్ అనే చిన్న పక్షి పిల్లల రక్తం మీద ఏళ్ల తరబడి పని జరుగుతోంది. అడవి గూళ్లలోని పిల్లల కంటే ఊళ్లోని పార్కు గూళ్లలో పెరిగే పిల్లలకు హిమోగ్లోబిన్ తక్కువని బాన్బురా బృందం 2007లో ప్రచురించింది. పార్కుల్లో గొంగళిపురుగులు దొరకడం కష్టం, అది అర్థమైంది. కానీ పిల్ల బాగా ఎదుగుతోందో లేదో త్రాసులో పెడితే తెలియదా? 10 గ్రాముల ప్రాణికి సూది గుచ్చడం నాకు మనసొప్పడం లేదు.

పశువైద్యం, శ్రీకాకుళం:
త్రాసు చెప్పనిది ఒకటుందండీ. టిట్ గూళ్లలో ఒక రకం ఈగ పురుగులు దాక్కుని, ఎక్కువగా రాత్రిళ్లు పైకొచ్చి పిల్లల రక్తం పీలుస్తాయి. తల్లీతండ్రీ మేత పెంచితే బరువు నిలబడుతుంది, పిల్ల మాత్రం లోపల పాలిపోతూ ఉంటుంది. ఆ వూచ్ బృందమే పాత గూడు తీసేసి శుభ్రమైన గూడు పెట్టి చూసింది. ఆ పిల్లల హిమోగ్లోబిన్ మిగతా వాటికంటే ఎక్కువగా ఉంది. ఆ తేడా పట్టిచ్చింది రక్తమే.

ఇక సూది సంగతి. ఒంటి బరువులో 1 శాతానికి మించి రక్తం తీయకూడదన్నది అందరూ పాటించే హద్దు. 10 గ్రాముల పిల్లకు అది 100 మైక్రోలీటర్లు. చేతిలో పట్టే హిమోగ్లోబిన్ మీటరుకు 10 చాలు. రెక్క కింద ఈకలు తడిపి పక్కకు తీస్తే నరం నీలంగా కనిపిస్తుంది. సన్న సూదితో ఒక్క పోటు, పైకొచ్చిన బొట్టును గాజు గొట్టం తనంతట తనే లాగేసుకుంటుంది. తర్వాత దూది అదిమి పట్టుకోవాలి, నెత్తురు ఆగాకే గూట్లో పెట్టాలి. ఆ ఓపిక లేనివాళ్లు ఈ పనికి రాకూడదు.

స్లైడ్ మనిషి, హైదరాబాద్:
హిమోగ్లోబిన్ వరకు ఒప్పుకుంటాను. కానీ పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాలు ఎంత శాతమో చెప్పే అంకె, చూసి ఆరోగ్యం తేల్చేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఒంట్లో నీరు తగ్గితే పీసీవీ పెరుగుతుంది. అంటే దాహంతో ఉన్న పిల్ల కాగితం మీద పుష్టిగా కనిపిస్తుంది! పైగా వయసుతో పాటు పెరుగుతుంది కాబట్టి 8 రోజుల పిల్లనూ 14 రోజుల పిల్లనూ పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. అమెరికన్ కెస్ట్రెల్ డేగల మీద డాసన్, బొర్టలోటి 1997లోనే పీసీవీని పక్షి ఒంటి స్థితికి గుర్తుగా నమ్మలేమని రాశారు.

ఇంకోటి. పక్షి ఎర్ర కణంలో కేంద్రకం ఉంటుంది. మనుషుల రక్తానికి వాడే కణాల లెక్క యంత్రంలో వేస్తే అది వాటిని తెల్ల కణాలనుకుని లెక్క తప్పుతుంది. గాజు పలక మీద రక్తాన్ని పల్చగా పరిచి (స్మియర్), రంగు పట్టించి, కంటితో లెక్కపెట్టాల్సిందే. హెటరోఫిల్స్, లింఫోసైట్లు అనే రెండు రకాల తెల్ల కణాల నిష్పత్తిని ఒత్తిడికి గుర్తుగా 1983లో గ్రాస్, సీగెల్ కోళ్లలో చూపించారు. అయితే ఇన్ఫెక్షన్ వచ్చినా ఆ నిష్పత్తి పెరుగుతుంది. ఆకలా, జబ్బా, భయమా అన్నది ఆ ఒక్క అంకె చెప్పలేదు.

పశువైద్యం, శ్రీకాకుళం:
నిజమే. కానీ దానికో మేలుంది. ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టిరోన్ అయితే పిల్లను పట్టుకున్న 3 నిమిషాలకే మన చెయ్యి పడిన టెన్షన్‌తో పెరగడం మొదలవుతుంది. తెల్ల కణాలు అంత తొందరగా మారవు. గూడు తెరవడానికి కాస్త ఆలస్యమైనా అంతకుముందు పిల్ల ఎలా ఉందో చెబుతాయి.

కొల్లేటి గట్టు:
గూడు మార్చి చూసిన ప్రయోగం నన్ను ఆలోచింపజేసింది. ఒకే వయసు పిల్లలు, ఒకటే మార్పు, ముందే రాసుకున్న ప్రశ్న ఉంటే ఆ బొట్టుకు అర్థముంది. కానీ ఏ ప్రశ్నా లేకుండా ‘ఎలాగూ ఎక్కాం కదా’ అని ప్రతి గూట్లోనూ రక్తం తీసుకెళ్లి ఫ్రీజర్ నింపడాన్ని ఇప్పటికీ ఒప్పుకోను. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి అడిగేవాళ్లు కూడా ఏ కొలత, ఎందుకు, ఎన్ని పిల్లల నుంచి అన్నది దరఖాస్తులోనే రాయాలి. పీసీవీ ఒక్కటే అడిగితే నేనైతే సంతకం పెట్టను.

స్లైడ్ మనిషి, హైదరాబాద్:
పీసీవీతో పాటు ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ప్రొటీన్ కూడా అడిగితే పెట్టండి. బొట్టు ఒకటే, రెండూ పక్కపక్కన చూస్తే నీరు తగ్గిందా, రక్తమే తగ్గిందా అన్నది కొంతైనా తేలుతుంది.