చలికాలంలో ఇండోర్ ట్రైనర్: హైదరాబాద్‌లో ఉంటూ ఇంట్లో తొక్కడమేంటి?

లత_మియాపూర్
ఫిబ్రవరిలో నా మొదటి 200 కిలోమీటర్ల బీఆర్ఎం, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్. 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి. ఆఫీసు ఉన్న రోజుల్లో ట్రైనర్ మీద (సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు), వీలైన ఆదివారాలు రోడ్డు మీద తొక్కుతున్నాను. ఈ మాట సైక్లింగ్ గ్రూపులో అంటే నవ్వారు. హైదరాబాద్‌లో తొక్కడానికి బాగుండేదే ఈ మూడు నెలలు, ఇప్పుడు ట్రైనరేంటి అని. జనవరిలో 6.45 దాటితే గానీ సూర్యుడు రాడు, ఎనిమిదిన్నరకు నేను క్యాబ్‌లో ఉండాలి. ఇంట్లో అయితే 20 నిమిషాలు ఆపకుండా గట్టిగా తొక్కే ఇంటర్వెల్ మొదలుపెడితే మధ్యలో సిగ్నల్ రాదు, కుక్క రాదు. ఇలా తయారైతే సరిపోతుందా?

కొండలరావు_రైడ్స్
సరిపోదమ్మా. ట్రైనర్ మీద కాళ్లు తయారవుతాయి. మెడ, అరచేతులు, సీటు మీద ఆనే భాగం తయారుకావు. 200లో మనిషిని దింపేసేవి అవే. ఎదురుగాలి, గతుకులు, తొక్కుతూ తినడం, ఒంటిచేత్తో బాటిల్ తీయడం, ఇవన్నీ ఇంట్లో ఎక్కడ నేర్చుకుంటారు? చీకటే సమస్యయితే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సైకిల్ ట్రాక్ ఉంది. రెండు ముక్కలూ కలిపి 23 కిలోమీటర్లు, పైన సోలార్ కప్పు, లైట్లు. 2023లో తెరిచారు. పక్కనే అది పెట్టుకుని గోడకేసి చూస్తూ తొక్కుతామంటే ఏం చెప్పను!

ఫ్లైవీల్_ఫణి
సార్, ఇంట్లో గంట తొక్కితే బయట గంటన్నర తొక్కినట్టు. రోడ్డు మీద సగం సేపు పల్లంలో కాళ్లు ఆపేస్తాం. ట్రైనర్‌లో ఆపితే చక్రం ఆగుతుంది. 2016లో మాథ్యూ హేమన్ అనే ప్రొఫెషనల్ రేసర్ ఫిబ్రవరి చివర రేసులో చెయ్యి విరగ్గొట్టుకుని, ఇంట్లో ట్రైనర్ మీద తొక్కి, ఏప్రిల్లో రాళ్లు పరిచిన రోడ్ల మీద సాగే పారిస్-రూబే రేసు గెలిచాడు. అదీ టామ్ బూనెన్ లాంటి మేటి రేసర్‌ని స్ప్రింట్‌లో ఓడించి.

కొండలరావు_రైడ్స్
హేమన్‌కి అప్పుడు 37 ఏళ్లు. ఆ రాళ్ల రోడ్ల మీద ఏళ్ల తరబడి తొక్కినవాడు. చెయ్యి విరిగింది కాబట్టి ఇంట్లో తొక్కాడు. మీ చెయ్యి బాగానే ఉందిగా?
గంటన్నర లెక్క ఎవరు కట్టారు?

ఫ్లైవీల్_ఫణి
ఎవరో కట్టడమెందుకు, మీ రైడ్ ఫైల్ తెరిచి కేడెన్స్ (నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్క) సున్నా ఉన్న నిమిషాలు కూడండి.

డులూత్_బావ
మిన్నెసోటాలో మైనస్ 20. గరాజ్‌లో ట్రైనర్ తప్ప దిక్కులేదు. మీరు 14 డిగ్రీలకు చలికాలం అంటుంటే కడుపు మండుతోంది.

కొండలరావు_రైడ్స్
ఫణీ, తెరిచాను. రెండు గంటల రైడ్‌లో సున్నా ఉన్నది పావుగంట. ఆ లెక్కన మీ గంట నా గంటా పది నిమిషాలతో సమానం. మిగతా ఇరవై నిమిషాలు ఎక్కడివి?

పంక్చర్_పంతులు
ఈ లెక్కలు అలా ఉంచండి. అసలు హైదరాబాద్‌లో ట్రైనర్ పనికొచ్చేదే చలికాలంలో. మనం కదలం కాబట్టి ఒంటికి గాలి తగలదు, వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. ఏప్రిల్లో మూసిన గదిలో ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా పది నిమిషాలకే గుండె దడదడ, కాళ్ల పవర్ పడిపోతుంది. ఇప్పుడైతే హాయి. హ్యాండిల్ మీద మాత్రం టవల్ కప్పండి. చెమట ఉప్పు హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టులను తినేస్తుంది, నావి తుప్పుపట్టి అలెన్ కీకి రాలేదు. ఇంకోటి, కింది ఫ్లాట్‌కి టైరు చప్పుడు కంటే స్లాబులోంచి దిగే గుంయ్‌మనే శబ్దం ఎక్కువ వినిపిస్తుంది. మందంగా రబ్బరు మ్యాట్ వేయండి. నేను వేయక అసోసియేషన్ మీటింగ్‌లో అందరి ముందూ మాట పడ్డాను. వాళ్ల మిక్సీ చప్పుడు గురించి ఎవడూ మాట్లాడడు, అది వేరే సంగతి.

నాని_నల్లగండ్ల
చలికాలం తెల్లవారుజామున పొగ, దుమ్ము నేల దగ్గరే ఉండిపోతాయి. పైన గాలి వెచ్చగా, కింద చల్లగా ఉంటుంది కాబట్టి పైకి పోవు. ఎండ బాగా వస్తే గానీ చెదరవు. రోడ్డు మీద మనం పీల్చేది అదే.

కొండలరావు_రైడ్స్
కిటికీ తెరిచి ఫ్యాన్ పెట్టుకుంటే ఇంట్లోకి వచ్చేదీ అదే గాలి నానీ.
సాకులు వెతికితే బోలెడు. చీకటి, చలి, కుక్కలు, పొగ. ఇన్నిటికి భయపడేవాళ్లు బీఆర్ఎంకి పేరెందుకు ఇవ్వడం? అక్కడ చీకట్లో తొక్కాల్సివస్తే ఏం చేస్తారు?

లత_మియాపూర్
భయం అన్నారు కాబట్టి చెప్తున్నాను. పోయిన డిసెంబర్లో మీరు లీడ్ చేసిన శంకర్‌పల్లి రైడ్ గుర్తుందా? మెసేజ్‌లో "ఎవరినీ వదలం" అని రాశారు. నాకు వెనక టైరు పోయింది. ట్యూబ్ మార్చి తలెత్తేసరికి ముందు ఒక్క లైటు లేదు. ఓ వ్యాను వచ్చి పక్కనే ఆగింది. ఇద్దరు దిగి, లిఫ్ట్ ఇస్తాం రండి అని ఒకటే పట్టు. సైకిల్ తోసుకుంటూ పెట్రోల్ బంకు దాకా నడిచి, తెల్లారేదాకా అక్కడే నిలబడ్డాను. మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏడున్నరకు మీ అందరి ఇడ్లీ ప్లేట్ల ఫోటో మాత్రం గ్రూపులో వచ్చింది. నేను ట్రైనర్ కొన్నది ఆ తర్వాతే.

నాని_నల్లగండ్ల
అన్నా, ఇది నిజమేనా?

కొండలరావు_రైడ్స్
ఆ రోజు చాలామంది వచ్చారు. వెనక స్వీప్‌గా, అంటే అందరికంటే చివరివాళ్లతో ఉండాల్సినవాడు రాలేదు. తొక్కుతుంటే ఫోన్ చూడను. ప్రతి పంక్చర్‌కీ అందరినీ ఆపితే రైడ్ ముగియదు, మిగతావాళ్లకూ ఇళ్లున్నాయి. దానికీ ట్రైనర్‌కీ ఏం సంబంధం?

లత_మియాపూర్
స్వీప్ రాలేదని తెలిసీ చీకట్లో బయల్దేరదీశారు. సంబంధం అదే.

స్రవంతి_ఆర్
నేనూ అందుకే మానేశాను లతక్కా. అడిగితే "స్పీడ్ పెంచుకోండి మేడమ్" అన్నారు. అయిదింటికే ఎందుకు మొదలుపెట్టాలి? ఏడింటికి పెట్టొచ్చుగా.

కొండలరావు_రైడ్స్
ఎండ ఎక్కకముందే ముగించాలని.

లత_మియాపూర్
జనవరిలోనా సార్?

పంక్చర్_పంతులు
నిజమే కదా రావుగారూ. తొక్కడానికి బాగుండే మూడు నెలలు ఇవేనని మీ గ్రూపే అంటోంది, పదింటిదాకా చల్లగానే ఉంటుంది. అయిదు గంటల స్టార్ట్ ఎండాకాలానికి పెట్టుకున్నది, అదే ఏడాది పొడుగునా లాగుతున్నారు.

కొండలరావు_రైడ్స్
గ్రూపులో పోల్ పెట్టండి, మెజారిటీ ఏదంటే అది. ట్రైనర్ విషయంలో మాత్రం నా మాట మారదు. ఫిబ్రవరి లోపు ఒక 120 కిలోమీటర్లయినా ఏకబిగిన రోడ్డు మీద తొక్కకపోతే మెడ పట్టేస్తుంది.

లత_మియాపూర్
తొక్కుతాను. మీ గ్రూపుతో కాదు.

స్రవంతి_ఆర్
ఆదివారం ఏడింటికి నార్సింగి వైపు ట్రాక్ మొదట్లో ఉంటాను. అక్కా, వస్తారా?

ఫ్లైవీల్_ఫణి
కొండలరావు గారూ, పల్లంలో చైన్‌కి బలం తగలకుండా ఊరికే కాళ్లు తిప్పిన నిమిషాలు కూడా మీ పావుగంటలో కలిపారా?