పదో తరగతికి వచ్చినా గొంతు మారని అబ్బాయి: ఆగాలా, డాక్టరుకి చూపించాలా?

గురుకులం వార్డెన్:
మా హాస్టల్లో పదో తరగతి అబ్బాయి ఒకడికి 14 నిండి ఐదు నెలలైంది. ఎత్తు 143 సెం.మీ. గొంతు మారలేదు, నూనూగు మీసం కూడా లేదు. తోటివాళ్లు "బుడ్డోడా" అని పిలుస్తారు. అందరూ అయిపోయాకే స్నానానికి వెళ్తున్నాడు, కబడ్డీ మానేశాడు, ఇంటి నుంచి ఫోన్ వస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తున్నాడు. మార్కులు తగ్గలేదు. వాళ్ల నాన్నగారేమో "మా వంశంలో అందరూ లేటే, వాడే ఎదుగుతాడు" అంటున్నారు. ఆయన్ని ఒప్పించాలా? ఈలోగా హాస్టల్లో మేం ఏం చేయాలి?

పిల్లల హార్మోన్ల డాక్టరు:
ఒప్పించండి. కంగారు పెట్టకుండా ఒప్పించండి.

మగపిల్లల్లో ఎదుగుదల మొదలైందని చెప్పే మొదటి గుర్తు మీసమో గొంతో కాదు, వృషణాలు పెరగడం. మా దగ్గర ఆర్కిడోమీటర్ అని 1 నుంచి 25 మి.లీ. దాకా పూసలు గుచ్చిన దండ ఉంటుంది, దాంతో పోల్చి చూస్తాం. 4 మి.లీ.కి చేరితే మొదలైనట్టు. 14 నిండినా చేరకపోతే ఆలస్యమని లెక్క. గొంతు, మీసం ఆ తర్వాత ఎప్పటికో వస్తాయి. కాబట్టి ఈ అబ్బాయికి లోపల ఇప్పటికే మొదలై, పైకి కనబడక కూడా పోవచ్చు. అదే నిజమైతే "నీకు మొదలైంది రా" అన్న ఒక్క మాట వాడికి కొండంత ధైర్యం.

నాన్నగారు చెప్పింది కొట్టిపారేసేది కాదు. ఇలాంటి అబ్బాయిల్లో ఎక్కువమందికి అది ఇంటి తీరే. ఆయన గడ్డం ఎప్పుడు గీయడం మొదలుపెట్టారు, ఇంటర్ తర్వాత కూడా ఎత్తు పెరిగారా, మేనమామలు ఎలా ఎదిగారు, తల్లి ఎప్పుడు పెద్దమనిషి అయ్యారు, అడిగి రాసుకోండి. కానీ థైరాయిడ్, తీవ్రమైన రక్తహీనత, కిడ్నీ జబ్బు, గోధుమ పడని సీలియాక్ జబ్బు కూడా ఇలాగే కనబడతాయి. వాసన తెలియకపోవడం, తలనొప్పితో పాటు చూపు మందగించడం, పసితనంలో వృషణాలు కిందికి దిగకపోవడం, ఏడాదికి 4 సెం.మీ. కన్నా తక్కువ పెరగడం: వీటిలో ఒక్కటున్నా వెంటనే చూపించాలి.

పరీక్షలు పెద్దగా ఉండవు. ఎముకల వయసు కోసం ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే. ఎముకలు 12 ఏళ్లవిలా ఉంటే పెరగడానికి ఇంకా చోటుంది. రక్తపరీక్షల్లో సీబీపీ (రక్తకణాల లెక్క), ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు జబ్బు ఉందేమో చూసేది), క్రియాటినిన్ (కిడ్నీకి), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), ఉదయం 8 గంటలకు తీసిన రక్తంలో ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ (వృషణాలను పనిచేయించే హార్మోన్లు), టెస్టోస్టిరాన్ (వృషణాల్లో తయారయ్యే మగ హార్మోన్). ఎఫ్ఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉంటే లోపం వృషణాల్లోనే ఉందని క్రోమోజోముల పరీక్ష చేయిస్తాం.

ఇంటి తీరే అని తేలినా, పిల్లవాడు మనసులో నలిగిపోతుంటే టెస్టోస్టిరాన్ 50 మి.గ్రా. ఇంజెక్షన్ నెలకొకటి, మూడు నుంచి ఆరు నెలలు ఇస్తాం. తర్వాత ఆపి, వృషణాలు పెరిగాయో లేదో చూస్తాం. ఇంజెక్షన్‌తో గొంతు, వెంట్రుకలు వస్తాయి గానీ వృషణాలు పెరగవు. అవి పెరిగాయంటే శరీరం సొంతంగా మేల్కొన్నట్టు. ఊళ్లో ఆర్ఎంపీ చేత పెద్దవాళ్ల డోసు 250 మి.గ్రా. వేయిస్తే మాత్రం ఎముకల చివర్లు ముందే మూసుకుపోతాయి, రావలసిన ఎత్తు పోతుంది. ఎత్తు పెంచే పొడుల మీద డబ్బు తగలేయొద్దు.

స్కూల్ కౌన్సెలర్:
హాస్టల్ సంగతి నేను చెబుతాను. ఇలాంటి పిల్లల్ని పెద్దవాళ్లే తెలియకుండా ఎక్కువ చిన్నబుచ్చుతారు. ప్రేయర్‌లో రోజూ ముందు వరసలో నిలబెట్టడం, వార్షికోత్సవంలో ఆడవేషమో పిల్లాడి వేషమో వాడికే ఇవ్వడం, బుగ్గ గిల్లడం. వాణ్ణి ఎత్తును బట్టి కాదు, వయసును బట్టి చూడండి. పదో తరగతివాడికిచ్చే బాధ్యతే ఇవ్వండి, స్టడీ అవర్ లీడరో మెస్ కమిటీయో.

స్నానాల గదులకు తలుపో పరదానో అందరికీ పెట్టించండి. వాడొక్కడికే వేరే ఏర్పాటు చేస్తే ఇంకో పేరు పెడతారు. కబడ్డీలో బరువు తేడా దెబ్బలు తగిలిస్తుంది గనక ఖోఖో, టేబుల్ టెన్నిస్ వైపు మళ్లించండి. ఆటలే మాన్పించొద్దు.

వెక్కిరించేవాళ్లను ఒక్కొక్కర్నీ పిలిచి మాట్లాడండి. క్లాసులో వాణ్ణి నిలబెట్టి "ఎవడ్రా అన్నది" అని అడిగితే ఆ రాత్రే రెట్టింపు పడుతుంది.

వాడితో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చోకండి, గ్రౌండ్‌లో పక్కన నడుస్తూ అడగండి. పైకి ఎత్తు గురించి అన్నా, "నేను అసలు మగాణ్ణేనా, పెళ్లి, పిల్లలు ఉంటాయా" అన్న భయం లోపల ఉండొచ్చు. వాళ్లంతట వాళ్లు అడగరు. పరీక్షలు కాకముందే "అంతా సర్దుకుంటుంది" అని మాటివ్వొద్దు. కొందరికి 10 ఏళ్లకే, కొందరికి 14 దాటాక మొదలవుతుందని, డాక్టరు చూసి స్పష్టంగా చెబుతారని చెప్పండి. తిండి, నిద్ర తగ్గినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఒంటరిగా వదలొద్దు. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

గురుకులం వార్డెన్:
నాన్నగారు ఆదివారం వస్తున్నారు. డాక్టరు దగ్గరికి ఏం పట్టుకెళ్లమనాలి?

పిల్లల హార్మోన్ల డాక్టరు:
పాత ఎత్తులు, బరువులు రాసిన స్కూల్ హెల్త్ కార్డులన్నీ. తల్లిదండ్రుల ఎత్తు నోటిమాటగా కాకుండా కొలిచి రాయండి. రెండూ కలిపి 13 కూడి సగం చేస్తే అబ్బాయికి రావలసిన ఎత్తు అంచనా తెలుస్తుంది. 168, 153 అయితే 167 సెం.మీ. దానికి ఎనిమిదిన్నర అటూ ఇటూ మామూలే. మీరు కొలిచేటప్పుడు చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, ఉదయం పూటే కొలవండి, నలుగురి ముందు కాదు. మూడు నెలలకోసారి చాలు. ప్రతి నెలా కొలిస్తే కనబడే తేడాలో కొలత తప్పే ఎక్కువ.

డాక్టరు ఎక్కడ, ఎలా పరీక్ష చేస్తారో అబ్బాయికి ముందురోజే చెప్పి, వాడు సరేనన్నాకే తీసుకెళ్లండి. కాసేపు నాన్నగారిని బయట కూర్చోబెట్టి వాడితో ఒంటరిగా మాట్లాడమని డాక్టరుని అడగమనండి.